లౌండ్స్ కౌంటీ: నల్లమట్టి, ఓటు, తరిగిపోయిన జనం

అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రానికి చెందిన లౌండ్స్ కౌంటీలో (కౌంటీ అంటే జిల్లా వంటి పాలనా విభాగం) 1900 నాటి జనగణన 35,651 మందిని నమోదు చేసింది. 2020లో అదే కౌంటీలో తేలిన జనం 10,311 మంది. ఈ 120 ఏళ్లలో అలబామా జనాభా 18 లక్షల నుంచి 50 లక్షలకు పెరగగా, లౌండ్స్‌లో మాత్రం ప్రతి పదిమందిలో ఏడుగురు తగ్గిపోయారు. ఈ తరుగుదలకు పత్తి ధర, యంత్రాలు, పట్టణాల ఆకర్షణ అంటూ అందరూ చెప్పే కారణాలు అబద్ధమేమీ కావు. అయితే అవి ఈ కౌంటీకే ప్రత్యేకమైనవి కావు. ఇక్కడి జనాభా చరిత్ర అర్థం కావాలంటే ముందుగా నేల స్వభావాన్ని, ఆ తరువాత ఆ నేల ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చిందో చూడాలి.

లౌండ్స్ కౌంటీ వైశాల్యం దాదాపు 1,850 చదరపు కిలోమీటర్లు. దీనికి ఉత్తరాన అలబామా నది, తూర్పున రాష్ట్ర రాజధాని ఉన్న మాంట్‌గోమరీ కౌంటీ, పడమర సెల్మా పట్టణం ఉన్న డల్లాస్ కౌంటీ హద్దులుగా ఉన్నాయి. కౌంటీ కేంద్రం హేన్‌విల్ వెయ్యి మంది కూడా లేని చిన్న ఊరు. అన్నిటికంటే పెద్దదైన ఫోర్ట్ డిపాజిట్‌లో ఉండేది సుమారు 1,200 మంది. ఈ రెండూ కాక లౌండ్స్‌బరో, బెంటన్, వైట్ హాల్, మోసెస్, గోర్డన్‌విల్ అనే చిన్న ఊళ్లు ఉన్నాయి. మిగతా జనమంతా రోడ్ల వెంట విడివిడిగా ఉన్న ఇళ్లలో ఉంటారు. చదరపు కిలోమీటరుకు ఆరుగురు కూడా లేని ఈ పలచదనం గుర్తుంచుకోదగ్గ విషయం, ఎందుకంటే ఇప్పుడు కౌంటీని వేధిస్తున్న మురుగు సమస్యలో దీనికి పెద్ద పాత్రే ఉంది.

కోట్ల ఏళ్ల కిందట, రాక్షసబల్లుల కాలం చివరి దశలో, నేటి అలబామా మధ్యభాగం దాకా సముద్రం ఉండేది. లోతు తక్కువైన ఆ వెచ్చని నీటిలో బతికిన సూక్ష్మజీవుల పెంకులు అడుగుకు చేరి మందమైన సుద్దరాతి పొరగా గట్టిపడ్డాయి. సముద్రం వెనక్కి తగ్గాక ఆ సుద్దరాయి శిథిలమై, దాని మీద జిగటైన నల్లని బంకమట్టి ఏర్పడింది. మిసిసిపి నుంచి అలబామా మీదుగా కొడవలి ఆకారంలో సాగే ఈ నేలనే బ్లాక్ బెల్ట్ అంటారు. మన నల్లరేగడి గుణం తెలిసినవారికి దీని గుణం చెప్పనక్కరలేదు: తడిస్తే ఉబ్బి అంటుకుపోతుంది, ఎండితే బీటలు వారుతుంది. దక్కను రేగడి అగ్నిపర్వతాల లావా నుంచి పుడితే, అలబామా నల్లమట్టి సముద్రపు సుద్ద నుంచి పుట్టింది. పుట్టుక వేరైనా రెండింటిలోనూ పండిన పంట పత్తే. కౌంటీ దక్షిణ భాగంలో, ఫోర్ట్ డిపాజిట్ వైపు, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మిట్టలు కనిపిస్తాయి. పెద్ద పత్తి తోటలకు (ప్లాంటేషన్లకు) అనువుగా లేని ఆ మిట్టల మీద చిన్న తెల్లజాతి రైతులు స్థిరపడ్డారు. ఒకే కౌంటీలో జాతుల వారీగా జనం పంచుకుపోయిన తీరు ఇలా మట్టి రకాన్ని బట్టే సాగింది.

ఈ నేల మొదట మస్కోగీలు అనే ఆదివాసీలది; వారినే తెల్లవారు క్రీక్‌లు అని పిలిచారు. 1813 డిసెంబరు 23న అలబామా నది ఒడ్డున, నేటి కౌంటీ పరిధిలో ఉన్న వారి పవిత్ర స్థావరం హోలీ గ్రౌండ్ మీద జనరల్ ఫెర్డినాండ్ క్లెయిబోర్న్ సేనలు దాడి చేశాయి. మస్కోగీ నాయకుడు విలియం వెదర్‌ఫర్డ్ గుర్రంతో సహా నది ఒడ్డు మీది నుంచి నీళ్లలోకి దూకి తప్పించుకున్నాడని చెబుతారు. ఫోర్ట్ డిపాజిట్ కూడా ఆ యుద్ధంలో సరుకులు నిల్వ చేయడానికి కట్టిన కోట చుట్టూ వెలసిన ఊరే. మరుసటి ఏడాది ఫోర్ట్ జాక్సన్ ఒప్పందం పేరిట మస్కోగీలు రెండు కోట్లకు పైగా ఎకరాలు వదులుకోవాల్సి వచ్చింది. 1830 జనవరిలో మాంట్‌గోమరీ, డల్లాస్, బట్లర్ కౌంటీల నుంచి కొంత కొంత భూభాగం తీసి లౌండ్స్ కౌంటీని ఏర్పాటు చేశారు. దానికి దక్షిణ కరొలైనాకు చెందిన చట్టసభ సభ్యుడు విలియం లౌండ్స్ పేరు పెట్టారు. ఆయనకూ ఈ నేలకూ సంబంధమేమీ లేదు. అక్కడి నుంచి వచ్చి స్థిరపడిన పెద్ద రైతులు తమ రాష్ట్రపు గౌరవ చిహ్నాలను వెంట తెచ్చుకున్నారన్నదే ఆ పేరులోని విశేషం.

దక్షిణ కరొలైనా, జార్జియాల నుంచి వచ్చిన ఆ భూస్వాములు వెంట తెచ్చుకున్నది పేర్లను మాత్రమే కాదు, బానిసలను కూడా. తొలి వలసదారులు చెట్లు లేని ఈ మైదానాన్ని చూసి సారంలేని నేల అనుకుని పక్కన పెట్టారు. దాని సత్తా తెలిశాక భూమి ధర పెరిగింది, దాని వెంట మనుషుల కొనుగోళ్లూ పెరిగాయి. నదిలో ఆవిరి పడవలు తిరగడంతో పత్తి బేళ్లు సముద్రతీరంలోని మొబైల్ అనే రేవు పట్టణానికి సులువుగా చేరేవి. 1860 నాటికి కౌంటీ జనాభా 27,716 కాగా అందులో 19,340 మంది బానిసలు. అంటే పది మందిలో ఏడుగురు మరొకరి ఆస్తి. నల్లజాతీయుల ఆధిక్యం అనే నేటి జనాభా లక్షణానికి మూలం ఈ లెక్కలోనే ఉంది. వారు తమంత తాము వలస వచ్చి ఇక్కడ స్థిరపడినవారు కారు. నల్లమట్టికి కావలసినంత చాకిరీ కోసం తీసుకొచ్చి దించినవారు.

అంతర్యుద్ధం ముగిశాక బానిసత్వం పోయింది గానీ భూమి చేతులు మారలేదు. విముక్తులైనవారు ఏ తోటలో బానిసలుగా పనిచేశారో అదే తోటలో వాటా కౌలుదారులయ్యారు. విత్తనం, ఎరువు, తిండిగింజలు భూస్వామి దుకాణంలో అప్పుకు తెచ్చుకోవడం, కోతల తరువాత లెక్క చూస్తే అప్పు ఇంకా మిగిలి ఉండడం, ఆ అప్పు తీరేదాకా చేను వదిలి పోరాదనడం ఏటేటా జరిగే తంతు. అప్పు పేరిట మనుషులను కట్టేసి పనిచేయించుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరమే అయినా, 1903లో అలబామాలో జరిగిన దర్యాప్తుల్లో లౌండ్స్ పేరు బలంగా వినిపించింది. అంతర్యుద్ధం తరువాతి పునర్నిర్మాణ కాలంలో దక్కిన ఓటు హక్కును 1901 రాష్ట్ర రాజ్యాంగం పోల్ పన్ను (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను), అక్షరాస్యత పరీక్ష, ఆస్తి నిబంధనల సాయంతో లాగేసుకుంది. కౌంటీలో అత్యధిక సంఖ్యాకులు కాస్తా ఎన్నికల జాబితాలో లేనివాళ్లయ్యారు.

ఈ పరిస్థితిని లెక్కలతో సహా రికార్డు చేయాలనుకున్న ఒక ప్రయత్నం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. 1906లో సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ అమెరికా కార్మిక బ్యూరో తరఫున లౌండ్స్ కౌంటీలో ఇంటింటి అధ్యయనం చేపట్టారు. మన్రో వర్క్, ఆర్.ఆర్. రైట్ వంటి సహాయకులతో కలిసి వేలాది కుటుంబాల వివరాలు సేకరించారు. ఎవరు ఎవరి భూమి దున్నుతున్నారు, ఎంత అప్పులో ఉన్నారు, ఏ నేల ఎవరి చేతికి ఎప్పుడు వచ్చింది అన్నవి వారి ప్రశ్నలు. నివేదిక ప్రభుత్వానికి చేరింది కానీ అచ్చు కాలేదు. అది రాజకీయ విషయాలను తాకిందని అధికారులు చెప్పినట్టు, చివరికి రాతప్రతినే నాశనం చేసినట్టు డుబోయిస్ తరువాత రాశారు. అమెరికా పల్లె సమాజం మీద ఆ కాలంలో జరిగిన అతి లోతైన పరిశీలనల్లో ఒకటైన దాన్ని చెత్తబుట్టలో వేసిన ఆ నిర్ణయమే, ఈ కౌంటీలో భూమి లెక్క ఎంత సున్నితమైనదో చెప్పకనే చెబుతోంది.

డుబోయిస్ బృందం కేంద్రంగా చేసుకున్న కాల్హూన్ పాఠశాల మరో విధంగా కూడా ముఖ్యమైనది. 1892లో షార్లట్ థార్న్, మేబెల్ డిలింగ్‌హామ్ అనే ఇద్దరు ఉత్తరాది ఉపాధ్యాయినులు నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ సహకారంతో దాన్ని స్థాపించారు. చదువుతోపాటు, పాత తోటల భూమిని కొని చిన్న కమతాలుగా చేసి నల్లజాతి కుటుంబాలకు వాయిదాల మీద అమ్మే ఏర్పాటు కూడా చేశారు. ఆ విధంగా దాదాపు 4,000 ఎకరాలు చేతులు మారాయి. కౌంటీ మొత్తంతో పోలిస్తే అది చిన్న భాగమే. అయినా యజమాని వెళ్లగొట్టలేని కొన్ని ఇళ్లు ఇక్కడ ఏర్పడడానికి అలాంటి కొనుగోళ్లే కారణం. వాటి విలువ అరవై ఏళ్ల తరువాత గానీ పూర్తిగా బయటపడలేదు.

జనం తరగడం 1900 తరువాత మొదలై ఆగకుండా సాగింది. 1910 ప్రాంతంలో అలబామాలోకి ప్రవేశించిన బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు పత్తిని తినేసింది. అదే దశాబ్దంలో మొదటి ప్రపంచయుద్ధం ఉత్తరాది కర్మాగారాల్లో పనులు తెరిచింది. 1910లో 31,894గా ఉన్న జనాభా 1920కి 25,406కు పడిపోయింది. 1933 తరువాత ధరలు నిలబెట్టడానికి పత్తి విస్తీర్ణం తగ్గిస్తే ప్రభుత్వం రొక్కం ఇచ్చే పథకం వచ్చింది. రొక్కం భూస్వామికి దక్కింది. పనిలేని కౌలుదారు మూట సర్దుకున్నాడు. 1935లో వంద పౌన్ల పత్తి తీతకు ఒక డాలరు కూలి కావాలని వాటా కౌలుదారుల సంఘం లౌండ్స్‌లో సమ్మె చేస్తే దాన్ని తుపాకులతో అణచివేశారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ట్రాక్టర్లు, పత్తి చేల స్థానంలో పశువుల మేత బీళ్లు, కలప తోటలు వచ్చాయి. పశువులకూ కలపకూ మనుషుల అవసరం తక్కువ. 1960 నాటికి జనాభా 15,417. వెళ్లిపోయినవారు డెట్రాయిట్, షికాగో, బర్మింగ్‌హామ్, మాంట్‌గోమరీల్లో తేలారు. మిగిలినవారిలోనూ పది మందికి ఎనిమిది మంది నల్లజాతీయులే.

ఆ ఎనభై శాతంలో ఓటు వయసు వచ్చినవారు 5,122 మంది. 1965 మొదట్లో ఓటరు జాబితాలో ఉన్న నల్లజాతీయుల సంఖ్య సున్నా. మరోవైపు తెల్లజాతి ఓటర్ల సంఖ్య ఆ జాతి వయోజనుల సంఖ్యను మించి ఉండేది, అంటే చనిపోయినవారూ ఊరు విడిచినవారూ జాబితాలో బతికే ఉన్నారు. కౌంటీ భూమిలో 90 శాతం 86 తెల్లజాతి కుటుంబాల చేతుల్లో ఉండేది. ఈ రెండు వాస్తవాలను విడివిడిగా చూడడం కుదరదు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి), పన్ను అధికారి, విద్యామండలి సభ్యులు అమెరికా కౌంటీలో ఎన్నికయ్యే పదవులు. తుపాకీ ఎవరి నడుముకు ఉంటుందో, ఎవరి భూమికి ఎంత పన్ను పడుతుందో, ఏ బడికి బల్లలు వస్తాయో ఓటుతోనే తేలుతుంది. ఓటు లేకపోతే భూమి ఉన్నవాడి మాటే చట్టం. జ్యూరీ సభ్యులు కూడా ఆ కొద్దిమందిలో నుంచే వచ్చేవారు.

1965 మార్చిలో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి 54 మైళ్ల ఓటుహక్కు యాత్ర జరిగినప్పుడు దారిలో ఎక్కువ భాగం లౌండ్స్‌దే. 80వ నంబరు రహదారి ఇక్కడ రెండు వరుసలకు కుదించుకుపోవడం వల్ల ఈ భాగంలో 300 మందే నడవాలని న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ ఉత్తర్వు ఇచ్చారు. రాత్రి బస ఎక్కడన్నది ప్రశ్న. కౌలుదారు ఇంటి ముందు గుడారం వేస్తే మరునాడే ఆ కుటుంబం రోడ్డున పడుతుంది. అందుకే సొంత పొలం ఉన్న రోజీ స్టీల్ అనే పెద్దావిడ, రాబర్ట్ గార్డ్‌నర్ అనే రైతు తమ భూముల్లో చోటిచ్చారు. చిన్న కమతాల సొంతదారులు లేకపోతే ఆ యాత్రకు లౌండ్స్‌లో కాలుపెట్టే చోటుండేది కాదంటే అతిశయోక్తి కాదు. యాత్ర ముగిసిన మార్చి 25 రాత్రే, యాత్రికులను కారులో చేరవేస్తున్న డెట్రాయిట్ గృహిణి వయోలా లియుజ్జోను తెల్లజాతి ఆధిపత్యవాద ముఠా కు క్లక్స్ క్లాన్ సభ్యులు ఇదే రహదారి మీద కాల్చి చంపారు.

యాత్ర పోయాక కూడా ఇక్కడే ఉండిపోయినది విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం. స్టోక్లీ కార్మైకేల్ నాయకత్వంలో వచ్చిన ఆ యువకులకు స్థానికంగా ఆధారమైనవాడు జాన్ హ్యూలెట్. బర్మింగ్‌హామ్‌లో కర్మాగారంలో పనిచేసి, అక్కడి పౌరహక్కుల ఉద్యమంలో ఆరితేరి, 1959లో స్వగ్రామానికి తిరిగొచ్చిన మనిషి ఆయన. వెళ్లిపోయినవారు కౌంటీకి నష్టమేనని జనాభా లెక్కలు చెబుతాయి, కానీ పట్టణంలో సంఘం కట్టడం నేర్చుకుని వచ్చిన ఒక్కరు ఏం చేయగలరో ఆ లెక్కల్లో కనబడదు. ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చి, ఓటర్లను నమోదు చేసే సమాఖ్య అధికారులు దిగారు. అదే నెల 14న ఫోర్ట్ డిపాజిట్‌లో నిరసన తెలిపినవారిని అరెస్టు చేసి హేన్‌విల్ జైల్లో పెట్టారు. 20న విడుదలైన వారిలో కొందరు పక్కనే ఉన్న దుకాణంలో కూల్‌డ్రింకు కొనుక్కోవడానికి వెళ్తే టామ్ కోల్‌మన్ అనే ప్రత్యేక డిప్యూటీ షెరీఫ్ తుపాకీ ఎత్తాడు. రూబీ సేల్స్ అనే అమ్మాయిని పక్కకు నెట్టి అడ్డుపడిన జొనాథన్ డేనియల్స్ అనే క్రైస్తవ మతవిద్యార్థి అక్కడికక్కడే మరణించాడు. అందరూ తెల్లజాతి పురుషులే ఉన్న జ్యూరీ కోల్‌మన్‌ను నిర్దోషిగా వదిలేసింది. నల్లజాతీయులనూ స్త్రీలనూ జ్యూరీల్లోకి రానివ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 1966లో ఒక సమాఖ్య న్యాయస్థానం ఈ కౌంటీ వ్యాజ్యంలోనే తీర్పు చెప్పింది.

ఓటు నమోదు చేయించుకున్న కౌలుదారులను భూస్వాములు ఇళ్లు ఖాళీ చేయించారు. అలాంటి కుటుంబాలు 80వ నంబరు రహదారి పక్కన గుడారాల్లో రెండేళ్లకు పైగా గడిపాయి. చలిలో, బురదలో, రాత్రిపూట దారినపోయే కార్ల నుంచి వచ్చే తూటాల మధ్య గడిచిన ఆ రెండేళ్లను ఈ కౌంటీ ఓటుకు చెల్లించిన ధరగానే లెక్కించాలి. అప్పట్లో డెమొక్రటిక్ పార్టీ రాష్ట్ర శాఖ ఎన్నికల గుర్తు తెల్ల కోడిపుంజు. దాని మీద తెల్లజాతి ఆధిపత్యాన్ని కీర్తించే నినాదం కూడా ఉండేది. ఆ పార్టీ తన అభ్యర్థులను ఎంచుకునే ప్రాథమిక ఎన్నికల్లో పోటీ రుసుమును 50 డాలర్ల నుంచి 500కు పెంచింది. దాంతో హ్యూలెట్ తదితరులు లౌండ్స్ కౌంటీ ఫ్రీడమ్ ఆర్గనైజేషన్ పేరిట సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువురాని ఓటర్ల కోసం ప్రతి పార్టీకి ఒక గుర్తు ఉండాలనేది అలబామా నిబంధన కాబట్టి, వారు దూకడానికి సిద్ధంగా ఉన్న నల్ల చిరుతను ఎంచుకున్నారు. 1966 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ తీసుకున్న బొమ్మ ఇదే. ప్రపంచానికి ఓక్లాండ్ తెలిసింది, లౌండ్స్ తెలియలేదు. ఆ నవంబరులో చిరుత గుర్తు మీద నిలబడ్డ ఏడుగురూ ఓడిపోయారు. తోటల యజమానులు తమ కౌలుదారులను బండ్లెక్కించి పోలింగుకు తోలి తమవాళ్లకే వేయించుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఓటు ఉంటే సరిపోదు, ఉండే ఇల్లు ఎవరిదన్నది కూడా ముఖ్యమేనని ఆ ఫలితం రుజువు చేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1970లో, హ్యూలెట్ షెరీఫ్‌గా ఎన్నికై రెండు దశాబ్దాలకు పైగా ఆ పదవిలో కొనసాగాడు.

రాజకీయాధికారం చేతులు మారింది. దానితో రావలసిన సంపద రాలేదు. తెల్లజాతి కుటుంబాలు 1966లోనే తమ పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ తెరుచుకోవడంతో ప్రభుత్వ బడులు దాదాపు పూర్తిగా నల్లజాతి పిల్లల బడులయ్యాయి. బర్క్‌విల్‌లో జనరల్ ఎలక్ట్రిక్ పెట్టిన ప్లాస్టిక్ కర్మాగారం (2007లో సౌదీ సంస్థ సాబిక్ చేతికి వెళ్లింది), పక్క కౌంటీలోని హ్యుందాయ్ కార్ల ప్లాంటు కొన్ని కుటుంబాలకు మంచి జీతాలిచ్చాయి. జనాభా మాత్రం 2000లో 13,473, 2010లో 11,299 అంటూ జారుతూనే ఉంది. కౌంటీలో నేడు పదిమందిలో ఏడుగురికి పైగా నల్లజాతీయులు.

అదే నల్లమట్టి ఇప్పుడు ఇంకో విధంగా పగబట్టింది. విడివిడిగా ఉన్న ఇళ్లకు పురపాలక మురుగు గొట్టాలు రావు. ప్రతి ఇల్లూ సెప్టిక్ ట్యాంకు పెట్టుకోవాలి. ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలోకి ఇంకాలి. బంకమట్టి ఇంకనివ్వదు. వానపడ్డప్పుడు ఆ మురుగు తిరిగి ఇంట్లోకే ఎదురుతన్నుతుంది. ఈ నేలకు పనికొచ్చే, మట్టిదిబ్బ పోసి కట్టే ప్రత్యేక వ్యవస్థకు పదిహేను వేల నుంచి ముప్పై వేల డాలర్లు అవుతుంది. అది చాలా కుటుంబాల ఏడాది ఆదాయంతో సమానం. అందుచేత అనేకమంది ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని ఇంటి వెనక గుంటలోకి వదిలేస్తారు. దాన్ని నేరంగా పరిగణించి జరిమానాలతో, అరెస్టులతో బెదిరించిన రోజులూ ఉన్నాయి. లౌండ్స్‌లో పెరిగిన క్యాథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఏళ్ల తరబడి దీన్ని బయటి లోకం దృష్టికి తెచ్చారు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, పరీక్షించిన 55 మందిలో 19 మందికి మలం కలిసిన మట్టి ద్వారా సోకే కొంకిపురుగు (హుక్‌వార్మ్) ఉన్నట్టు తేలింది. నమూనా చిన్నదే కాబట్టి దాని నుంచి కౌంటీ మొత్తానికి శాతాలు లాగడం తొందరపాటు అవుతుంది. కానీ అమెరికాలో ఏనాడో పోయిందనుకున్న జబ్బు ఆనవాళ్లు కనబడడమే పెద్ద వార్త అయింది. అదే ఏడాది డిసెంబరులో పేదరికంపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్స్టన్ వచ్చి చూశారు.

ఈ మురుగు విషయంలో రాష్ట్ర ఆరోగ్యశాఖ జాతివివక్ష చూపిందా అన్నదానిపై 2021 నవంబరులో అమెరికా న్యాయశాఖ దర్యాప్తు ప్రారంభించింది. 2023 మేలో కుదిరిన ఒప్పందం ప్రకారం రాష్ట్రం జరిమానాలు ఆపి, సర్వే చేసి, వ్యవస్థలు అమర్చే ప్రణాళిక చేపట్టాలి. 2025 ఏప్రిల్‌లో, వైవిధ్య విధానాలకు వ్యతిరేకంగా జారీ అయిన అధ్యక్ష ఉత్తర్వును చూపి న్యాయశాఖ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. మంజూరైన నిధులతో కొన్ని ఇళ్లకు పనులు జరిగాయి కానీ, మిగతా ఇళ్లకు బాధ్యత వహించే చట్టబద్ధమైన పూచీ పోయింది.

ఈ సమస్యలో పైకి కనబడని చిక్కు ఇంకొకటి ఉంది. బ్లాక్ బెల్ట్ అంతటా, తాతముత్తాతలు కష్టపడి కొన్న కమతాలు వీలునామా లేకుండా తరతరాలుగా వారసుల ఉమ్మడి ఆస్తిగా కొనసాగుతున్నాయి. వాటాదారుల్లో సగంమంది డెట్రాయిట్‌లోనో షికాగోలోనో ఉంటారు. ఇంటి మరమ్మతుకు రుణమో, గ్రాంటో కావాలంటే స్పష్టమైన హక్కుపత్రం చూపాలి. ఉమ్మడి భూమిలో ఇల్లు కట్టుకున్నవారి దగ్గర అది ఉండదు. కొనడానికి నోచుకున్న భూమి సైతం ఇలా అప్పు పుట్టని భూమిగా మిగిలింది. పిల్లలు చదువు ముగించుకుని మాంట్‌గోమరీలో ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారంటే ఉద్యోగం ఒక్కటే కారణం కాదు, ఊళ్లో వానాకాలం గడపదగ్గ ఇల్లు కట్టుకోవడానికి దారి లేకపోవడం కూడా ఒక కారణమే.